నలభై అయిదుకీ అరవైకీ మధ్య

(హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం సమావేశంలో విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు. జీతం ఎలా పెంచుకోవాలో చెబుతానంటే ఇందులో సగం మంది కూడా వచ్చేవారు కాదు. నలభై అయిదేళ్లకే ఉద్యోగం మానేయడం ఎలాగో చెబుతానన్నారని హాలు నిండిపోయింది. (నవ్వులు)

ముందు కాస్త పాత సంగతి. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం వచ్చీరాగానే, ఫిబ్రవరిలో, రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. అప్పటికే 55 దాటినవాళ్లంతా ఆ నెలాఖరుకి ఇంటికెళ్లిపోవాలి. మా పెదనాన్నగారు రెవెన్యూలో పనిచేసేవారు. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఇంట్లో ఉంది, సగం కట్టిన ఇల్లు ఉంది. ఆయనలాంటి వాళ్లు వేలమంది. కోర్టుకెక్కారు. 1984లోనే వయసు మళ్లీ 58 అయింది గానీ, కేసులో మాత్రం 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి ఆ అధికారం ఉందనే తేల్చింది. ఇప్పుడు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62.

ఆనాడు 55కి ఇంటికి పంపిస్తే అన్యాయమని కోర్టుకెళ్లారు. ఇవాళ మీరు 45కి ఎలా వెళ్లాలో చెప్పమని నన్ను పిలిచారు. మీరు వాళ్లకంటే డబ్బున్నవాళ్లే, కాదనను. కానీ మా పెదనాన్నగారికి ఉన్నది ఒకటి మీకు లేదు. నెల తిరిగేసరికి పెన్షన్ వచ్చేది, ధరలు పెరిగితే డీఏ పెరిగేది, ఆయన పోయాక పెద్దమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చింది. ఆ ఏర్పాటు 2004 తరవాత చేరిన ప్రభుత్వోద్యోగులకే పోయింది. ఇక ప్రైవేటు వాళ్ల సంగతి చెప్పేదేముంది?

అందుకని నేను "ఎంత కూడబెట్టాలి" అనే దగ్గర మొదలుపెట్టను. మన దేశంలో వయసు మళ్లినవాళ్ల కోసం ఉన్న ఏర్పాట్లన్నీ 58, 60 దగ్గర మొదలవుతాయి. 45కి మానేసేవాడికి పదిహేనేళ్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఏ నెల ఎక్కణ్ణుంచి ఎంత వస్తుందో రాసుకున్నవాళ్లకే ఈ ఆలోచన. మొత్తం ఎన్ని కోట్లు అనేది దాని తరవాత ప్రశ్న.

ఈపీఎస్ చూడండి. మీ పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం. పదేళ్ల సర్వీసు ఉంటే 58కి పెన్షన్. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోస్తారు. పోనీ వచ్చేదెంత? 15 వేల జీతం పరిమితి మీద లెక్క. ఆ 15 వేలని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించండి. 35 ఏళ్లు చేస్తే 7,500. 23 ఏళ్లు చేసి 45కి మానేస్తే అయిదు వేల చుట్టుపక్కల, అదీ 58 నిండాక. 2014 సెప్టెంబరు తరవాత మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకి, అప్పటికే జీతం 15 వేలు దాటి ఉంటే, అసలు ఈ పెన్షనే లేదు. ఇంటికెళ్లాక పాస్‌బుక్ తెరిచి పెన్షన్ కాలమ్‌లో ఏముందో చూసుకోండి. చాలామందికి సున్నాలు కనిపిస్తాయి.

సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ మంచి పథకం. ఇప్పుడు 8.2 శాతం, 30 లక్షల దాకా పెట్టొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. కానీ 60 నిండాలి. రిటైరైనవాళ్లకి, వీఆర్ఎస్ అంటే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్లకి 55. నలభై అయిదేళ్లవాడు పోస్టాఫీసు కౌంటర్లో అడిగితే ఎగాదిగా చూస్తారు.

ఆ ఖాళీలో పనికొచ్చేది పీపీఎఫ్ ఒకటుంది, పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ అనే పదిహేనేళ్ల పొదుపు ఖాతా, దాన్నెవరూ పట్టించుకోరు. పదిహేనేళ్లు నిండాక మూసేయక్కర్లేదు. డబ్బు కట్టకుండా కొనసాగిస్తే ఏడాదికోసారి కావలసినంత తీసుకోవచ్చు, మిగిలినదానికి వడ్డీ వస్తూనే ఉంటుంది, పన్ను లేదు. ఇరవై ఏడేళ్లకి ఖాతా తెరిచినవాడికి నలభై రెండు, నలభై మూడుకల్లా అది సిద్ధంగా ఉంటుంది. మొగుడికొకటి, పెళ్లానికొకటి ఉంటే ఇంకా మేలు.

సరే, నేను కళ్లారా చూసిన ముచ్చట చెబుతాను. 2000, 2001 ప్రాంతంలో ప్రభుత్వ బ్యాంకుల్లో వీఆర్ఎస్ వచ్చింది. 15 ఏళ్ల సర్వీసో, 40 ఏళ్ల వయసో ఉంటే చాలు. సర్వీసు చేసిన ఒక్కో ఏడాదికి 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసు మొత్తం జీతం, ఏది తక్కువైతే అది. దేశమంతా కలిపి దాదాపు లక్షమంది వెళ్లిపోయారు. నేనప్పుడు విజయవాడలో ఉన్నాను. దరఖాస్తు నింపి ఇంటికి తీసుకెళ్లాను గానీ, మా ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. (నవ్వులు) ఆఖరు తేదీ దాటాక తీసి ఇచ్చింది.

వెళ్లినవాళ్లలో పెన్షన్ కాకుండా పీఎఫ్ ఎంచుకున్నవాళ్లు కొందరున్నారు. వాళ్ల సంగతి గమనించండి. చేతికొచ్చిన డబ్బు డిపాజిట్లో వేస్తే నెలకి ఇంత వడ్డీ, దాంతో ఇల్లు గడిచిపోతుంది, అసలు కదలదు. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. వడ్డీలు ఏమయ్యాయో చూడండి. పీపీఎఫ్ మీద 2000 జనవరి దాకా 12 శాతం ఉండేది. ఆ నెలలో 11 అయింది. 2001లో 9.5, 2002లో 9, 2003 మార్చికి 8. బ్యాంకు డిపాజిట్లూ అదే దారి పట్టాయి. బ్యాంకువాళ్లే, వడ్డీ రేట్లు మారతాయని తెలియనివాళ్లు కాదు. దుబారా మనుషులూ కాదు. కానీ జీవితమంతా పన్నెండు శాతం చూసిన కళ్లకి అది ఎనిమిదవుతుందని అనిపించదు. ఇప్పుడు 7.1, 2020 ఏప్రిల్ నుంచీ అంతే. మీరు షేర్ల ఫండ్లలో పన్నెండు శాతం, పదిహేను శాతం వస్తుందని ఎక్సెల్ షీట్లో వేసుకుంటున్నప్పుడల్లా నాకు మా హెడ్ క్యాషియర్ గుర్తొస్తాడు. మొత్తం డిపాజిట్లో వేసి, మూడో ఏడు రెన్యువల్‌కి వచ్చి, కొత్త రేటు చూసి కౌంటర్ ముందు కాసేపు అలాగే నిలబడిపోయాడు. ఫారం నింపింది నేనే.

ఇంకొకాయన పటమటలో ఉన్న ఇంటిమీద పై అంతస్తు వేసి రెండు వాటాలు అద్దెకిచ్చాడు. అద్దె ఏటా ఎంతో కొంత పెరిగింది. ఆయన బాగానే ఉన్నాడు. అందరికంటే నిశ్చింతగా ఉన్నది మూడో ఆయన. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో వారానికి మూడు రోజులు లెక్కలు రాయడానికి కుదిరాడు. జీతం పెద్దదేం కాదు, బ్యాంకులో వచ్చేదాంట్లో మూడోవంతు. కానీ ఏడెనిమిదేళ్లు ఆ డిపాజిట్ జోలికి పోలేదు. మిగతావాళ్లు వడ్డీ తగ్గిందని దిగులుపడుతుంటే ఆయనకి ఆ వార్తతో పనే లేకపోయింది.

ఈ మూడో ఆయన సంగతి మళ్లీ చెబుతాను. ముందు ఖర్చు.

ఎవరినడిగినా నెల ఖర్చు టకీమని చెప్పేస్తారు. మియాపూర్లో ఒక జంట, ఇద్దరు పిల్లలు, సొంత ఫ్లాటు, లోను తీరిపోయింది. నెలకి 75 వేలండీ అన్నారు. అంటే ఏడాదికి 9 లక్షలు. అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు, క్రెడిట్ కార్డు బిల్లులు పన్నెండు నెలలవి ముందేసుకుని కూర్చున్నాం. మొత్తం 15 లక్షల 60 వేలు తేలింది. తేడా 6 లక్షల 60 వేలు ఎక్కడుందంటే, పిల్లల స్కూలు ఫీజులు 2 లక్షల 80 వేలు. అది నెల ఖర్చు కాదు కదా, టర్ముకి కడతాం అన్నారు. నరసరావుపేటలో ఉన్న అమ్మానాన్నలకి పంపింది, నాన్నగారి కంటి ఆపరేషన్‌తో కలిపి, లక్షా 60 వేలు. మేనకోడలి పెళ్లికి పెట్టిన బంగారం, బట్టలు 70 వేలు. కారు ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు 55 వేలు. బీమా ప్రీమియాలు 50 వేలు. వాషింగ్ మెషీను, ఒక ఫోను కలిపి 45 వేలు. ఒక్కటి కూడా దండగ ఖర్చు లేదు. కానీ మేనకోడలి పెళ్లి ఈ ఏడాదికే అన్నారు ఆవిడ. పోయినేడు ఏముందమ్మా అంటే తోడికోడలి గృహప్రవేశం. వచ్చే ఏడు? చిన్న మరిది పెళ్లి.

మన ఇళ్లలో ఇది ఏటా ఉండే పద్దు. పేరు మారుతుంది, అంకె మారదు. విదేశాల్లో రాసిన పుస్తకాలు చదివి లెక్కలేసుకునేవాళ్లు ఈ పద్దు వదిలేస్తారు, ఎందుకంటే ఆ పుస్తకాల్లో అది ఉండదు. జీతం వచ్చినన్నాళ్లూ బోనస్‌లోంచి సర్దుతారు కాబట్టి మనకీ కనిపించదు. జీతం మానేసిన మొదటి శ్రావణమాసంలో కనిపిస్తుంది. (నవ్వులు)

ఇక మీరందరూ ఎదురుచూస్తున్న గుణకారం. అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అక్కడి మార్కెట్ చరిత్ర తిరగేసి ఒక లెక్క కట్టాడు. మొదటి ఏడు నిధిలో 4 శాతం తీసుకుని, తరవాత ప్రతి ఏడూ ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ పోతే ముప్ఫై ఏళ్లు డబ్బు అయిపోదని. దాన్నే తిప్పితే ఏడాది ఖర్చుకి పాతిక రెట్లు కూడబెట్టాలని. ఇది అమెరికా షేర్లు, అమెరికా బాండ్లు, అమెరికా ధరల లెక్క, అదీ ముప్ఫై ఏళ్లకి. 45కి మానేసి 90 దాకా బతికేవాడికి నలభై అయిదేళ్లు కావాలి, మన దగ్గర ధరలు పెరిగే వేగం వేరు. అందుకని నేను ముప్ఫై రెట్లకంటే తక్కువ చెప్పను. మియాపూర్ వాళ్లకి పాతిక రెట్లంటే 3 కోట్ల 90 లక్షలు, ముప్ఫై రెట్లంటే 4 కోట్ల 68 లక్షలు. వాళ్లనుకున్న 9 లక్షల మీద లెక్కేస్తే 2 కోట్ల 70 లక్షలే. అంటే ఖర్చు సరిగ్గా రాయకపోతే తేడా రెండు కోట్లు.

ఈ నిధి లెక్కలో మీరు ఉంటున్న ఇల్లు కలపకూడదు. లాకర్లో బంగారం కలపకూడదు, ఆవిడ అమ్మనివ్వరు. ఊళ్లో పొలం కౌలు వస్తే ఆ కౌలు ఆదాయంలో రాసుకోండి, ఎకరం ధర రాయకండి. రెండో ఫ్లాటు ఉందంటారు. కోటి రూపాయల ఫ్లాటుకి పాతిక వేలు అద్దె వస్తే ఏడాదికి మూడు శాతం, అందులోంచి మెయింటెనెన్సు, ఆస్తి పన్ను, ఖాళీగా ఉన్న నెలలు పోవాలి. అమ్మి వాడుకునే ఉద్దేశం లేకపోతే దాన్ని అద్దెగానే చూడండి.

ధరల గురించి ఒక్క మాట. ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకి రెట్టింపు. మియాపూర్ వాళ్లలా ఇవాళ 45వ ఏట నెల ఖర్చు లక్షా 30 వేలుంటే, 57కి రెండు లక్షల 60 వేలు, 69కి అయిదు లక్షల 20 వేలు. అందుకే మొత్తం డిపాజిట్లలో పెట్టి కూర్చోలేం, షేర్లలో కొంత ఉండి తీరాలి. షేర్లలో పెడితే ఏ ఏడు మానేశామన్నది ముఖ్యమవుతుంది. ముంబై షేర్ల సూచీ సెన్సెక్స్ 2003 ఏప్రిల్లో మూడు వేల దగ్గర ఉంది. 2008 జనవరికి 21 వేలు తాకింది. అదే ఏడు అక్టోబరుకి ఎనిమిదిన్నర వేలకి వచ్చింది. మళ్లీ 21 వేల దగ్గరికి రావడానికి 2010 నవంబరు దాకా పట్టింది. 2003లో మానేసినవాడూ 2008 జనవరిలో మానేసినవాడూ ఒకే మొత్తంతో మొదలుపెట్టి ఉండొచ్చు. రెండోవాడు ఇంటి ఖర్చుకి ప్రతి నెలా తన ఫండ్ యూనిట్లు అమ్మింది సగం ధరకి. మార్కెట్ లేచేసరికి వాడి దగ్గర యూనిట్లు తక్కువున్నాయి. దీనికి మందు ఒకటే. మూడు నాలుగేళ్ల ఖర్చు షేర్లతో సంబంధం లేకుండా డిపాజిట్లలోనో, కావాలన్నప్పుడు తీసుకోగల లిక్విడ్ ఫండ్లలోనో ఉంచుకుని, మార్కెట్ పడ్డప్పుడు అందులోంచే తినడం. పన్నుల గురించి ఎక్కువ చెప్పను, అవి ఏటా మారతాయి. షేర్ల దీర్ఘకాలిక లాభం ఏడాదికి లక్షా పాతిక వేలు దాటితే పన్నెండున్నర శాతమని గుర్తుంచుకుని, ఏటా కొంచెం కొంచెం అమ్ముకోండి.

ఇప్పుడు మన రైసుమిల్లు ఆయన. నెలకి 30 వేలు తెచ్చే చిన్న పని ఒకటుందనుకోండి. ఏడాదికి 3 లక్షల 60 వేలు. ముప్ఫై రెట్లు వేయండి, కోటీ 8 లక్షలు. ఆ పని ఉన్నన్నాళ్లూ మీ నిధిలో కోటి రూపాయలు ఎక్కువున్నట్టే. ఆ కోటి కూడబెట్టడానికి మీరు ఇప్పుడున్న టెన్షన్‌లో ఇంకో అయిదారేళ్లు చేయాలి. మీలో చాలామందికి విసుగు పని మీద కాదు, రాత్రి పదింటికి అమెరికా కాల్స్ మీద, ఏటా అప్రైజల్ మీద, ఎప్పుడు తీసేస్తారో అన్న భయం మీద. కాలేజీలో వారానికి రెండు క్లాసులు చెప్పడం, చిన్న కంపెనీలకి లెక్కలో కోడింగో చూసిపెట్టడం, ఇవి పనులే గానీ వీటితో బీపీ రాదు. మానేశాక వెతుక్కుందాం అనుకోకండి. ఉద్యోగంలో ఉండగానే శనివారాలు మొదలుపెట్టండి. విజిటింగ్ కార్డు మీద పెద్ద కంపెనీ పేరున్నప్పుడు తలుపు తీసేవాళ్లు, అది పోయాక ఫోను కూడా ఎత్తరు. కటువుగా ఉన్నా నిజం.

రాజీనామా లేఖ ఇచ్చేలోపు కొన్ని పనులు చేసుకోవాలి. ఆరోగ్య బీమా మొదటిది. కంపెనీ పాలసీ ఆఖరి పనిదినంతో అయిపోతుంది. అందులో మీ అమ్మానాన్నలు ఉంటే వాళ్లకీ పోతుంది. సొంత పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనే వీలు కంపెనీలకుంది. కాబట్టి ఆ మూడేళ్లూ ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలి. షుగర్, బీపీ ఉంటే ఉన్నట్టు రాయండి, ఏజెంటు వద్దన్నా సరే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాకి జీఎస్టీ తీసేశారు, ఆ మేరకు భారం తగ్గింది. రెండోది అప్పు. శాలరీ స్లిప్ లేనివాడికి బ్యాంకులో ఎన్ని కోట్లున్నా హోమ్ లోన్ ఇవ్వడానికి నేను కూడా వెనకాడేవాణ్ణి. ఇల్లు మారేదుంటే, క్రెడిట్ కార్డు కావాలంటే ముందే.

ఊరు మారతామంటారు కొందరు. కాకినాడ, రాజమండ్రి, వరంగల్. ఖర్చు తగ్గుతుంది, నిజమే. గుండెనొప్పి వస్తే ఎక్కడికి తీసుకెళ్తారో చూసుకుని మారండి.

ఇంకొక విషయం ఎవరూ మాట్లాడరు. నలభై అయిదేళ్ల మగవాడు పగలు పదకొండింటికి ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఇల్లుగా ఉండదు. (నవ్వులు) నవ్వకండి. ఆవిడ ఉద్యోగం చేస్తుంటే ఒక రకం, ఇంట్లో ఉంటే ఇంకో రకం. కూరగాయలవాడితో మొదలుపెట్టి గ్యాస్ స్టవ్ దాకా ప్రతిదానికీ మేనేజర్ తయారవుతాడు. అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ దగ్గర్నుంచి అడుగుతారు, సార్ ఆఫీసు లేదా అని. రేపు పిల్లకి సంబంధం చూస్తుంటే నాన్నగారు ఏం చేస్తుంటారని అడుగుతారు. జవాబు ముందే అనుకుని ఉండండి, ఇద్దరూ ఒకే జవాబు. ఓ రెండు నెలలు జీతం లేని సెలవు దొరికితే పెట్టి చూడండి. ఆ రెండు నెలలూ మీరు లెక్కేసుకున్న డబ్బుతోనే బతకండి, కార్డు గీకకుండా.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మానేయగానే పీఎఫ్ మొత్తం తీసేసుకోవాలా సార్?)

వద్దమ్మా. 58 దాకా వడ్డీ వస్తూనే ఉంటుంది. అయితే మానేశాక వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి, అది చాలామంది మర్చిపోతారు. మొత్తం తీసుకోవడానికి ఇదివరకు రెండు నెలలు ఆగితే సరిపోయేది, దాన్ని పన్నెండు నెలలు చేయాలని 2025 అక్టోబరులో పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. కాబట్టి మొదటి ఏడాది ఖర్చుకి పీఎఫ్ మీద ఆధారపడకండి, వేరే పెట్టుకోండి. పీఎఫ్ మొత్తం లాగి ప్లాటు కొనేవాళ్లని చూశాను. ప్లాటు నెలకి రూపాయి ఇవ్వదు.

(ప్రశ్న: నాకు 34, మావారికి 36. ఇద్దరం ఉద్యోగాలు. ఇప్పుడే మొదలుపెడితే దేంతో మొదలుపెట్టమంటారు?)

ఒక జీతంతో ఇల్లు నడపడంతో. రెండో జీతం మొత్తం పక్కన పెట్టడం. హోమ్ లోన్ ఉంటే కుదరదు, తెలుసు. ఎంత వరకు కుదురుతుందో అంత. అలా చేస్తే మీరిద్దరిలో ఒకరు ముందు మానేసే వీలు కూడా దొరుకుతుంది. ఇద్దరూ ఒకేసారి మానేయాలని ఎవరన్నారు?

(ప్రశ్న, వెనక వరుసలోంచి ఒక పెద్దాయన: మా అబ్బాయి వచ్చే ఏడు మానేస్తానంటున్నాడు. ఆపమంటారా?)

మీ నెల ఖర్చు ఎవరు చూస్తున్నారండీ?

(వాడే.)

మరి అతను వేసుకున్న లెక్కలో మీరిద్దరూ ఉన్నారేమో అడిగారా? ఆపడం తరవాత సంగతి. ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి, మీ మందుల పద్దు ఉందో లేదో చూడండి. మీ ఆరోగ్య బీమా వాళ్ల కంపెనీ ద్వారా ఉందో, విడిగా ఉందో కూడా ఇవాళే కనుక్కోండి. కంపెనీదైతే, మీ వయసుకి కొత్త పాలసీ దొరికాకే లేఖ ఇవ్వమనండి.